డయల్ టోన్ నమ్మని డబ్బా

మొన్న దుకాణం సామాను పక్క గల్లీకి మారుస్తుంటే, అడుగున పడి ఉన్న రేకు పెట్టెలో మా బాపు పాత తువ్వాల చుట్టిన పొట్లం ఒకటి చేతికి తగిలింది. విప్పకముందే వాసన వచ్చింది. బొగ్గు పొడి, కొబ్బరి నూనె, వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కు, మూడూ కలిసిపోయి ఒకే వాసన. జానెడు పొడవు, అరచేయంత వెడల్పు, బూడిద రంగు, ముందువైపు వరసగా ఎనిమిది చిన్న కళ్ళు. మోడెం. సందుల్లో ఊదితే నల్లటి పొడి లేచి ముక్కులోకి పోయింది. మా కాలనీలో నాలుగు రోజులున్న ఏ వస్తువైనా అంతే, ఎక్కడికి తీసుకుపోయినా కడుపులో ఇంత బొగ్గు దాచుకుంటుంది. మనుషులూ అంతే. సెల్‌ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చిన అమ్మాయి ఒకతె దాన్ని చూసి, "అదేంది అన్నా, సెట్‌టాప్ బాక్సా?" అని అడిగింది. "కాదు చెల్లె, ఇంటర్నెట్టుకు తాత" అన్నాను. ఆమె నావైపు ఒకసారి, తన ఫోన్‌వైపు ఒకసారి చూసుకుంది. ఇతని చేతికి ఫోన్ ఇచ్చి తప్పు చేశానా అని ఆమె అనుమానం. అందులో తప్పేం లేదు. నేను పుట్టి పెరిగింది అనుమానంలోనే.

మాది గోదావరిఖనిలో బాయి పని చేసేవాళ్ళ కాలనీ. భూమి కింద బొగ్గు తవ్వే గనిని మా దగ్గర బాయి అంటారు. నీళ్ళు రావు, జీతాలు వస్తాయి. రెండేసి ఇళ్ళు ఒకే గోడను పంచుకునే క్వార్టర్ల వరసలు, ఒక ఇంట్లో తుమ్మితే పక్క ఇంట్లోవాళ్ళు బయలుదేరే పని ఆపుకునేంత పలచటి గోడలు, పొద్దూకితే ప్రతి గుమ్మం ముందూ రాజేసిన బొగ్గు సిగిడి, దాని నుంచి లేచే చిక్కటి పసుప్పచ్చ పొగ, ఆ పొగలో నిలబడి ఎవరింట్లో ఏం ఉడుకుతున్నదో ముక్కుతోనే చదివేసే మేము. ఎండాకాలంలో మంచాల నులక కూడా కాలేది. వాకిట్లో నీళ్ళు చల్లితే ఆ నీళ్ళు నేలకు చేరేలోపే ఆవిరయ్యాయేమోనని అమ్మ వంగి చూసేది. వానాకాలం సిగిడి మీద కాల్చిన మక్కకంకులు, ఉప్పూ కారం రుద్దిన నిమ్మచెక్క, సర్వపిండి గిన్నె అడుగున మాడిన చెక్క కోసం నాకూ అక్కకూ జరిగే యుద్ధం. చలికాలం వస్తే వెదురు బద్దలతో మేం కట్టే క్రిస్మస్ నక్షత్రం, దానికి పక్కింటి పోశం కాక వాళ్ళింట్లో వినాయకుడి పందిరికి మిగిలిన రంగు కాగితం. షిఫ్టు సైరనే మా గడియారం. అది వేళకు మోగితే ఎవరూ వినేవాళ్ళు కాదు; వేళ తప్పి మోగితే కడిగే గిన్నె కడుగుతుండగానే చేతుల్లో ఆగిపోయేది.

మా బాపు పేరు ఆశీర్వాదం. బాయిలో ఆయన పని పైకప్పుకు కర్రలు నిలబెట్టడం. కప్పు కింద కాలు పెట్టే ముందు పొడుగాటి కర్రతో పైకి తట్టి చప్పుడు వినాలి. ఠంగుమని మోగితే కప్పు గట్టిగా ఉందని, కింద నిలబడవచ్చని అర్థం. డబ్ మని డొల్లగా పలికితే పైపొర విడిపోయి వేలాడుతోందని అర్థం. వచ్చిన దారినే వెనక్కి నడవాలి. ముప్పై ఏళ్ళు ఆ చెవితోనే బతికి ఇంటికి వచ్చిన మనిషి కాబట్టి, భూమ్మీద కూడా ఆయన దేన్నీ తట్టకుండా నమ్మేవాడు కాదు. పుచ్చకాయ, కుండ, కొత్త బకెట్టు, చర్చిలో కూర్చోబోయే బల్ల. మా అక్కను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చినప్పుడు, వాళ్ళు కాళ్ళు కడుక్కునేలోపు వాళ్ళ సూట్‌కేసును వేలి కణుపులతో రెండుసార్లు తట్టాడని అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. "విన్నవా? మల్ల తట్టు. మల్ల విను" అనేది నాకు ఆయన చెప్పిన మొదటి పాఠం. మా ఇంట్లో అనుమానం దుర్గుణం కాదు, డ్యూటీ.

ఆ ఇంట్లో ఒక ఫోన్ ఉండేది. బాపు ఒకప్పుడు ప్రమాదాలప్పుడు దిగే రెస్క్యూ జట్టులో ఉండేవాడు. జట్టువాళ్ళను ఏ వేళనైనా పిలిపించడానికి కంపెనీ తన సొంత లైను మీద ఇళ్ళకు ఫోన్లు ఇచ్చింది. ఆయాసం మొదలయ్యాక బాపును జట్టులోంచి తప్పించారుగానీ, ఫోన్ తీసుకుపోవడం ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటి నుంచి అది మా ముందర గదిలో చెప్పకుండా వచ్చి చెప్పకుండా ఉండిపోయిన చుట్టంలా కూర్చునేది. ఖాకీ ప్యాంటు వేసుకున్న మనిషి ఎవరు వీధిలోకి వచ్చినా అమ్మ దాని మీద దుప్పటి కప్పేది. ఎక్కువ మాట్లాడితే ఫోన్ ఉన్న సంగతి కంపెనీకి యాదికొస్తుందని అందరం గుసగుసగా మాట్లాడేవాళ్ళం. మా గొంతులు విని అవతలి చుట్టాలు ఎవరో పోయారనుకుని ముందే ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. పెద్దయ్యాక ఏమవుతావురా అని లెక్కల సారు అడిగితే, "మా బాపునైత సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది, సారు బెత్తం తీశాడు, కానీ నేను పరాచికం ఆడలేదు. బాయి మనిషిని డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి, కొడుక్కో అల్లుడికో వచ్చే పద్ధతి ఉండేది. నాకప్పుడు పద్నాలుగు. పద్దెనిమిది నిండాలి. బాపు తన ఆయాసంతో ఇంకో నాలుగేళ్ళు లాక్కొస్తే ఆయన లాంపూ బూట్లూ నావి. ఇది ఇంట్లో ఎవరూ పైకి అనని ఒప్పందం. మెట్లెక్కి వచ్చినట్టు రొప్పుతూ చదును నేల మీద నడిచి బాపు ఇంటికి వస్తే, అమ్మ ముఖం అటు తిప్పుకునేది, నేను వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి. రాస్తుంటే సిగ్గుగానే ఉంది. లెక్కపెట్టిన మాట మాత్రం నిజం.

అటువంటి ఇంట్లోకి, ఈస్టరు వెళ్ళిన వారంలో, మా సువార్తక్కను చేసుకున్న రాజరత్నం బావ అక్కను వెంటబెట్టుకుని దిగాడు. హైదరాబాదులో ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పే చోటు మూతపడింది. నాలుగు రోజులుండి పోతామన్నారు. బస్సు మీంచి దించిన రెండు గోనెసంచుల్లోంచి ఒక ఇనుప డబ్బా, ఒక లావుపాటి తెర బయటికి వచ్చాయి. నాలుగు రోజులకు వచ్చినవాడు కంప్యూటర్ ఎందుకు మోసుకొస్తాడు? అది నా మొదటి అనుమానం. బాపు డబ్బా పక్కన గొంతుక్కూర్చుని రెండుసార్లు తట్టి, "డొల్లనే" అన్నాడు. "లోపట గాలి ఆడాలె మామా" అన్నాడు బావ. బాపు నమ్మలేదు.

ఆ కంప్యూటర్ అందరి కంప్యూటర్లలాంటిది కాదు. కాలనీలో చదువుకున్న పిల్లలు చెప్పిన పచ్చిక మైదానం గానీ, నీలాకాశం గానీ దాని తెర మీద లేవు. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ అనేది ఎక్కించానన్నాడు బావ. నల్లటి తెర, దాని మీద ఎవరో తరుముతున్నట్టు తమంతట తామే పరుగెత్తే తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ రోజుల్లో మా వైపు కొత్త మనిషి కనబడితే జనం వేసుకునే ప్రశ్నలు రెండే: అడవిలోవాళ్ళ మనిషా, పోలీసుల మనిషా. కిటికీలోంచి ఆ తెర చూసి మా వరసలో సగం మంది అటు తేల్చారు, సగం మంది ఇటు తేల్చారు. బాపుతో పాటే బాయికి దిగే పోశం కాక మాత్రం సైకిల్‌కు గాలి కొట్టుకుంటూ నాతో మూడో మాట అన్నాడు.

"అల్లుడు ఊకెనే వచ్చిండనుకుంటున్నవారా దావీదూ? మీ బాపు ఆయాసం విని వచ్చిండు. నీ నౌకరి మీద తువ్వాలేసిండు."

"బస్సుల సీటా కాకా, తువ్వాలెయ్యనీకె?"

"సీటయితే లేవమంటే లేస్తరు. నౌకరి మీద కూసున్నోడు లేస్తడార?"

నవ్వి వచ్చేశాను గానీ ఆ మాట నాతో పాటే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి బావ అన్నం ఎక్కువ తింటే అనుమానం, తక్కువ తింటే అనుమానం. బాపుకు మందు గోలీలు తెచ్చి ఇస్తే మరీ అనుమానం.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం బావ ఫోన్ వైరు అడిగాడు. ముందర గదిలోంచి ఒక పాయ వెనక గదిలోని కంప్యూటర్ దాకా లాక్కుంటానన్నాడు.

"ఎందుకు బిడ్డా?" అన్నాడు బాపు.

"హైదరాబాదుకు ఒక ఉత్తరం పంపాలె మామా."

"పోస్టు డబ్బ చౌరస్తల ఉంది గదా."

"గది పనికిరాదు మామా. దీంట్లకెళ్ళే పోవాలె."

ఏ ఉత్తరమో, ఎవరికో చెప్పలేదు. అక్కను అడిగితే "నీకెందుకురా" అంది. ఏదో దాస్తున్నారు. బాపు చాలాసేపు ఆలోచించి, పొద్దున షిఫ్టు దిగి తాను ఇంటికి వచ్చాక, సాయంత్రం ఒక్క అరగంట వాడుకొమ్మన్నాడు. అంతకు మించితే కంపెనీకి యాదికొస్తుందని.

ఆ అరగంటలు ఎండాకాలం పోయి వానలు పడేదాకా వరసగా వృథా అయ్యాయి. డబ్బా లోపల ముందే ఉన్న మోడెం లినక్స్‌తో మాట్లాడనంది. అది సగం మోడెమేనని, మిగతా సగం బుర్ర వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుందని బావ చెప్పాడు. సగం బుర్రతో నడిచేవాళ్ళు మా వరసలో చాలామంది ఉన్నారన్నాను. ఆయన నవ్వలేదు. స్నేహితుడెవరో బస్సు పార్సిల్‌లో ఈ బూడిద రంగు మోడెం పంపించాడు. దీనిలో బుర్ర మొత్తం ఉందట. దీని కళ్ళు ఎర్రగా వెలిగాయి, కంప్యూటర్ దీన్ని గుర్తు పట్టింది, అక్కడితో ఆగిపోయింది. బావ రోజూ చౌరస్తాలోని ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఏవేవో చదివి, నోట్‌బుక్కులో రాసుకొచ్చి, ఇంట్లో ఆ నల్ల తెర మీద కొట్టేవాడు. నేను సైకిల్ మీద ఆయన వెనకాలే పోయి, జిరాక్సు దుకాణం పక్కన నిలబడి కాపలా కాసేవాణ్ణి. ఒకరోజు ఆ నోట్‌బుక్ కాజేసి పోశం కాకకు చూపించాను. కాకకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చింది నాకు తెలుసు. కాక పేజీలు అన్నీ తిప్పి, అంకెలున్న చోట వేలు పెట్టి, "గివి కంపెనీ నంబర్లే" అని తేల్చేశాడు.

కంప్యూటర్ మాత్రం రోజూ ఒకటే మాట రాసేది: నో డయల్ టోన్. ఫోన్‌లో శబ్దం లేదట. ముందర గదిలో ఫోన్ ఎత్తితే శబ్దం నిక్షేపంగా వస్తుంది. బావ వైరు మార్చాడు, ప్లగ్గు మార్చాడు, లినక్స్‌నే మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మొదటి అంతస్తు పడిపోయిందని పునాది తవ్వుకున్నట్టు రోజురోజుకూ కిందికి పోతున్నాడు. ఒక గురువారం, సన్నటి వాన పడుతోంది, బాపు షిఫ్టు నుంచి వచ్చి తల తుడుచుకుంటూ వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. మోడెంలో చిన్న స్పీకరు ఉంటుంది. అది టక్కుమనడం, కాసేపు ఆగడం, మళ్ళీ టక్కుమనడం ఆయన విన్నాడు.

"మల్ల చెయ్యి" అన్నాడు.

బావ మళ్ళీ చేశాడు. బాపు కళ్ళు మూసుకున్నాడు.

"ఎత్తుతాంది. వింటాంది. నమ్మక పెట్టేస్తాంది. నీ డబ్బ నా లెక్కనే ఉంది బిడ్డా."

బావకు అర్థం కాలేదు. బాపు ముందర గదిలోకి పోయి ఫోన్ ఎత్తి ఆయన చెవికి పెట్టాడు. చౌరస్తాలో ఫోన్ బూతులో ఎత్తితే శబ్దం తెగకుండా ఒకటే తీగలా సాగుతుందని, మా కంపెనీ లైనులో తెగి తెగి వస్తుందని, ఊళ్ళో ఫోన్లకు అలవాటు పడ్డ డబ్బాకు ఇది డొల్లగా వినబడుతోందని చెప్పాడు. ఏళ్ళ తరబడి మా ఇంట్లో అందరం రోజూ వింటున్న తేడా అది. మా చెవులకు పాతబడిపోయి ఎవరికీ తట్టలేదు. బావ చాలాసేపు ఆ ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడ్డాడు. తర్వాత నోట్‌బుక్ వెతికి, ఎక్స్ త్రీ అనే ఆజ్ఞ ఒకటి ఉందని, అది ఇస్తే మోడెం శబ్దం కోసం ఎదురు చూడకుండా నేరుగా నంబరు కొడుతుందని అన్నాడు.

"వినకుండ పొమ్మంటున్నవా?" అన్నాడు బాపు. "మా కాడ గట్ల పోతే పానం పోతది."

"గీడ పోకపోతేనే పోతది మామా" అన్నాడు బావ.

వంటింట్లోంచి అమ్మ, "బయటి లైనుకు సున్న కొట్టినంక గింత ఆగాలె, లేకుంటే పడది" అని తన వంతు జ్ఞానం అందించింది. బావ సున్నా తర్వాత ఒక కామా పెట్టాడు. అలా మా అమ్మ ఆగిన గుక్కెడు సేపు లినక్స్‌లోకి ఎక్కింది.

ఆ రోజు మోడెం నంబరు కొట్టింది. అవతల ఎత్తారు. ఆ తర్వాత వచ్చిన శబ్దం నేను ఇప్పటికీ దేనితోనూ పోల్చలేను. కుక్కర్ విజిలూ, రేకు మీద మేకుతో గీసిన గీతా, పిల్లిని తోక తొక్కితే వచ్చే అరుపూ ఒకదాన్నొకటి తరుముకుంటే ఎలా ఉంటుందో అలా. గోడ అవతల పోశం కాక పెళ్ళాం చేతిలో గిన్నె పడిపోయింది. ఉన్నట్టుండి ఆ గోలంతా ఆగిపోయింది. నిశ్శబ్దం. బావ తెర మీదికి వంగాడు. నేను ముందర గదిలో ఉన్నాను. అరిచినంతసేపు అరిచి ఇప్పుడు గొంతు తగ్గించారంటే, అసలు మాటలు ఇప్పుడే జరుగుతున్నాయన్నమాట. మా ఇంట్లో కూడా ముఖ్యమైన మాట వస్తే అంతే కదా. ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాను. వాన పడుతున్నట్టు హోరు తప్ప మాట లేదు. వెనక గదిలోంచి బావ "అరె" అన్నాడు. తెర మీద నో క్యారియర్ అని వచ్చింది. లైను తెగింది. నేను ఎత్తినందుకే తెగిందని నాకు తెలియదు. బావకూ తెలియదు. మళ్ళీ కొడితే అవతలి నంబరు ఎంగేజు. అరగంట అయిపోయింది.

శుక్రవారం కూడా అదే జరిగింది. గోల, నిశ్శబ్దం, నా చెయ్యి, "అరె". ఈసారి నాకు అనుమానం వచ్చింది. నేను ఎత్తడానికీ అది తెగడానికీ సంబంధం ఉందని. బావ రాత్రి అన్నం దగ్గర అక్కతో, రేపు సాయంత్రం ఆరు దాటితే ఇక పంపి లాభం లేదన్నాడు. ఆరుకు గడువు. ఆ ఉత్తరం నా నౌకరి కోసమే పోతోంది, కాబట్టి అది నా నౌకరికే గడువు అనుకున్నాను.

శనివారం బాపు పొద్దున షిఫ్టు చేసి వచ్చి ముందర గదిలో మంచం మీద పడుకున్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి. గుండెల్లోంచి పిల్లనగ్రోవి లాంటి చిన్న శబ్దం వస్తోంది. వెనక గదిలో బావ కంటే ముందు అక్క కూర్చుని ఉంది, ప్రార్థన చేస్తున్నట్టు చేతులు కట్టుకుని. ఐదున్నర దాటాక లైను దొరికింది. గోల. నిశ్శబ్దం. ఇప్పుడు నాకు తెలుసు. మొదటిరోజు తెలియక, రెండోరోజు అనుమానంతో, మూడోరోజు తెలిసీ. ఫోన్ ఎత్తాను. చెవికి కూడా పెట్టుకోలేదు. వెనక గదిలో ఈసారి "అరె" కూడా వినబడలేదు.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే బాపు కళ్ళు తెరిచి ఉన్నాయి. నాలుగు బారల రాతి కింద నుంచి పైపొర విడిపోవడం వినగలిగిన మనిషికి, మంచం పక్కన ఫోన్ ఎత్తిన టక్కు వినబడకుండా ఉంటుందా? నన్ను కాసేపు చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆరు దాకా లైను మళ్ళీ దొరకలేదు. బాపు ఆరు గంటలకు లేచి, కండువా భుజాన వేసుకుని, బావను బయటికి తీసుకుపోయాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. తిరిగి వచ్చాక మోడెం విప్పి, తన తువ్వాల చుట్టి, రేకు పెట్టెలో పెట్టింది బాపే.

వానలు తగ్గాక బాపు డాక్టర్ల ముందుకు పోయాడు. అన్‌ఫిట్ అని రాశారు. రాయకుండా ఉండడానికి ఆయన గుండెల్లో ఏం మిగల్లేదు. ఉద్యోగం అల్లుడికి ఇవ్వడానికి బాపు సంతకం చేశాడు, తీసుకోవడానికి బావ సంతకం చేశాడు. నా అనుమానం నిజమైందని నేను కాలనీ అంతా తిరిగి చెప్పాను. పోశం కాక మీసం తిప్పాడు. అంత తెలివైన పిల్లవాణ్ణి అప్పటికి నేను చూడలేదు.

క్రిస్మస్ రోజు అక్క కోడికూర, బగారన్నం వండింది. అమ్మ చేసిన అరిసెలూ, సిగిడి మీద ఇసుక గిన్నెలో పెట్టి కాల్చిన కేకూ, దాని అడుగున ఎప్పటిలాగే మాడిన వాసన. బావ పగలంతా నవ్వుతూనే ఉన్నాడు. చేతి గోళ్ళ చుట్టూ అప్పటికే నల్లటి గీత పడింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"మొత్తానికి తువ్వాలేసిన సీటు దొరికింది గద బావా" అన్నాను.

అక్క వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసి, నన్ను రెక్క పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయి, నోట్‌బుక్ చివరి పేజీ తీసి నా ముఖం ముందు పెట్టింది. ఆ పేజీ ఇంగ్లీషులో లేదు. పంపాల్సిన ఉత్తరాన్ని బావ ముందు తెలుగులో రాసుకున్నాడు. చిన్న ఊళ్ళలో ఆఫీసులకు లినక్స్ కంప్యూటర్లు పెట్టి ఫోన్ లైన్ల మీద కలిపే పని హైదరాబాదులో ఒకటి ఉందట. పరీక్ష ఒకటే: ఎవరి ఊళ్ళో వాళ్ళు, తమ సొంత లినక్స్ కంప్యూటర్ నుంచి, తమ ఇంటి ఫోన్ మీద ఆ ఉత్తరం పంపాలి. ఇంటర్నెట్ సెంటర్ నుంచి పంపితే చెల్లదు. కింద ఒక వాక్యం బావ రాసి, ఇది ఎందుకులే అనుకున్నట్టు కొట్టేశాడు. కొట్టేసినా కనబడుతూనే ఉంది. "మా మామ ఉద్యోగం ఆయన కొడుకుది. అందుకని నాకు నా ఉద్యోగం కావాలి."

"దొరికినంక చెప్దామనుకున్నడు" అంది అక్క. "గాయన తీసుకోకపోతే బాపు ఇంక నాలుగేండ్లు దిగుతనన్నడు, నీ కోసం. ఎట్ల దిగుతడురా?"

నేను ఆ రోజు రెండోసారి కూర వేసుకోలేదు. మా ఇంట్లో ఎవరూ అంతకు ముందు అది చూడలేదు గనుక నాకు జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూసింది.

ఫోన్ ఎత్తింది నేనని ఎవరికీ చెప్పలేదు. నా అనుమానం దేన్ని చూసి భయపడిందో, ఆ పనిని నా చేత్తోనే చేయించింది. బావ డ్యూటీ దిగి వచ్చాక నన్ను ఆ నల్ల తెర ముందు కూర్చోబెట్టి, సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం, ఏ వైరు ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం నేర్పాడు. ఇవాళ నేను తినే కూడు ఆ పాఠాలది. బాపు ఎండలో మంచం వేసుకుని, మనవరాళ్ళు కొనుక్కున్న ప్రతి బొమ్మనూ తట్టి చూసి డొల్ల అని ఏడిపిస్తూ, పన్నెండేళ్ళు భూమ్మీద ఊపిరి పీల్చాడు. తెలంగాణ వచ్చిందని వీధిలో డప్పులు కొట్టిన రోజు ఆ డప్పుల చప్పుడు కూడా చెవి పెట్టి విన్నాడు. ఆ ఏడాదే పోయాడు.

ఇప్పుడు ఆ వరసలో సిగిడీలు లేవు, గ్యాసు వచ్చింది, కాబట్టి ఎవరింట్లో ఏం ఉడుకుతున్నదో ఎవరికీ తెలియదు. బాపు దిగిన బాయి మూతపడింది. దాని పక్కన కొండంత గుంత తవ్వి పైనుంచే బొగ్గు తీస్తున్నారు. పైకప్పే లేదు గనుక కర్రతో తట్టి వినేవాళ్ళూ లేరు. నంబరు కొట్టే ముందు ఫోన్ ఏమంటోందో వినే మనిషీ లేడు. ఆ రాగం తెలియని పిల్లలు నా దుకాణానికి వచ్చి, నెట్టు నిదానంగా ఉందని నన్ను అనుమానంగా చూస్తారు.

మోడెం తువ్వాలలో చుట్టుకుని బావ ఇంటికి పోయాను. ఆయనకు ఇప్పుడు ఆ గుంతలోనే నీళ్ళు తోడే పంపుల దగ్గర డ్యూటీ. ఈమధ్య ఆయనకూ పొడిదగ్గు మొదలైంది. పొట్లం విప్పి చూసి, "అరె" అన్నాడు, అచ్చం అప్పటిలాగే.

నేను నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు. "గా రోజు మామ నన్ను సైకిల్ స్టాండు కాడికి తోల్కపోయి చెప్పిండు గదరా, ఫోన్ నేనే ఎత్తిన బిడ్డా అని. మూడు రోజులు నేనే ఎత్తిన అన్నడు. ఇంక బాయిలకెళ్ళి పైకి రాబుద్ధయితుందేమో ముసలాయనకు, నా నౌకరి తీస్కో అని నోరిప్పి అడగలేక గిట్ల చేసిండు అనుకున్న. గందుకే డాక్టర్ల కాడికి పోదాం పా మామా అన్న."

ఇరవై ఏళ్ళుగా దాచింది నేనొక్కణ్ణే అనుకున్నాను. బాపు నన్ను కాయడానికి అలా అన్నాడా, లేక నిజంగానే పైకి రావాలనిపించి నా తప్పును వాడుకున్నాడా, ఆ కళ్ళు మళ్ళీ మూసుకోవడంలో ఏముందో ఇక ఏ కర్రతో తట్టినా తెలియదు. ఆ నింద బాపు మీదే ఉంచితే బావ బాయిలో గడిపిన ఏళ్ళకు ఒక కారణం ఉంటుంది. తీసేస్తే ఏం ఉంటుంది? జోకు ఒకటి వేద్దామని చూశాను. దొరకలేదు.

"ఎత్తింది నేను బావా" అన్నాను. "మూడు సార్లూ."

ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతోంది. బావ నన్ను చూడలేదు. మోడెంను అరచేతిలో పెట్టుకుని, చెవి దగ్గరికి తెచ్చుకుని, వేలి కణుపులతో ఒకసారి తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. లోపల గాలి తప్ప ఏమీ లేని ప్లాస్టిక్ డబ్బా అది. డబ్ మని నాకు వినబడింది. బాపు దగ్గర పెరిగినవాణ్ణి, నా చెవి పొరబడదు.

"గట్టిగనే ఉంది" అన్నాడు బావ, దాన్ని తువ్వాల మీద పెడుతూ. "కూసో. చాయ్ తాగి పో."